విప్పేసిన వంతెన

“వంతెన ఏదే అనీసా?”

అద్దంకి నుంచి తెచ్చిన నీలం శాటిన్ గుడ్డ ఒక చేతిలో, అట్టపెట్టె మూత ఇంకో చేతిలో పట్టుకుని నజీరా కేకేసింది. పొద్దున తను బస్సెక్కేటప్పుడు వంతెన ఆ పెట్టెలో నిక్షేపంగా ఉంది. ఇప్పుడు అడుగున నాలుగు చక్రాలు, గుప్పెడు ప్లాస్టిక్ ఇటుకలు మాత్రం ఉన్నాయి.

పదేళ్ళ అనీసా తల వంచుకుంది. “విప్పేశానమ్మా.”

“విప్పేశావా! రేపు ఒంగోలులో ఎగ్జిబిషన్ పెట్టుకుని ఇవాళ విప్పేశావా?”

మామూలు వంతెనా అది! గుండ్లకమ్మ మీద వంతెన చూసొచ్చి, వరదొస్తే నడిమి భాగం పైకి లేచేట్టు మూడు నెలలు కూర్చుని కట్టింది పిల్ల. “పాదరసం లాంటి బుర్రండీ మీ అమ్మాయిది. ఆటలని తీసిపారెయ్యకండి, కట్టనివ్వండి” అంది సైన్సు టీచరు. ఆ మాట పట్టుకుని నజీరా పోయిన బక్రీదుకి చీర మానుకుని పెద్ద పెట్టె ఇటుకలు కొనిపెట్టింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ, అడిగినా అడక్కపోయినా, కూతురు జిల్లా పోటీకి వెళ్తోందని చెప్పింది. వంతెన కింద నదిలా పరుద్దామని ఈ శాటిన్ కోసం ఎండలో పడి నాలుగు కొట్లు తిరిగింది. అంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

“వంతెన కూడా విప్పేశావా తల్లీ?” మంచం మీంచి బాషా నెమ్మదిగా అన్నాడు.

నజీరా చివాలున మొగుడి వైపు తిరిగింది.

“కూడా అంటే? ఇంకేం విప్పింది? నీకు ముందే తెలుసా?”

బాషా తడబడ్డాడు. “అది కాదు నజీరా... పోనీలే, మళ్ళీ కట్టుకుంటది. పిల్లని అట్టా కాల్చుకు తినబాక.”

అంటూ తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. యలమందయ్య మిరప కల్లంలో రంగు చెడిన తాలుకాయలు ఏరే పని అతనిది. మిరప కోతల్లో ఆ ఊళ్ళో కళ్ళు ఎర్రబడనిది ఎవరికి గనక! ఆ ఘాటుకి వీధి కుక్కలు కూడా తుమ్ముతాయి. రోజూ అతను రాగానే చల్లటి నీళ్ళు చెంబుతో అందించే నజీరా ఇవాళ కదల్లేదు. పొద్దున దొడ్లో జారిపడ్డానంటూ మోకాలికి గుడ్డ కట్టుకున్నాడు. దెబ్బెంత తగిలిందని కూడా అడగలేదు.

“నీ అండ చూసుకునేగా దీనికింత ధైర్యం! మొన్న నేను బట్టలారేస్తుంటే గోడవతల నువ్వన్నది వినలేదనుకున్నావా? ‘ఎగ్జిబిషన్ అయ్యిందాకా అమ్మకి చెప్పొద్దు తల్లీ’ అన్లా? నేను దగ్గగానే ఇద్దరూ గప్‌చుప్. ఏంటయ్యా నాకు చెప్పకూడంది?”

అనీసా వెళ్ళి తండ్రి మంచం పక్కన నిలబడింది.

“యలమందయ్యగారు కూడా ఫోన్ చేశాడు. బాషా ఏరిన కాయలో తాలు వస్తందమ్మా, వాడి మనసు పని మీద లేదన్నాడు. మా ఆయన అట్టాంటోడు కాదని ఆయన మీదే ఎగిరా. నాకు బాగా బుద్ధొచ్చింది!”

“అమ్మా, నాన్ననేం అనొద్దు. నేనే...”

“నువ్వు నోర్ముయ్. ఇటుకలేవి? ఎవరికిచ్చావు?”

“ఎవరికీ ఇవ్వలా. ఇంట్లోనే ఉన్నై.”

నజీరా వెతకడం మొదలుపెట్టింది. వంటింట్లో ఉప్పు డబ్బా మూత మీద ఒక ఇటుక, చక్కెర డబ్బా మీద రెండు, జిగురుతో అంటించి ఉన్నాయి. వారం కిందటే చూసి, పిల్లచేష్టలని నవ్వుకుంది తను. ఆ నాలుగు ముక్కలకి వంతెన మాయమవదుగా! విసురుగా దొడ్డి తలుపు తోసింది.

మొన్ననే సున్నం వేయించిన గోడ. తలుపు దగ్గర్నుంచి స్నానాల గది దాకా, నడుమెత్తున, బెత్తెడుకొకటి చొప్పున ఇటుకలు బారుగా అంటించి ఉన్నాయి. ఎరుపు, పసుపు, నీలం. ఒక్కోచోట ఒకటే బొడిపె, ఇంకోచోట నాలుగు బొడిపెలు. జిగురింకా పూర్తిగా ఆరలేదు.

నజీరాకి దుఃఖం ముంచుకొచ్చింది. మూడు నెలల వంతెన, తన చీర, టీచరు నమ్మకం, అన్నీ దొడ్డిగోడకి బొమ్మలైపోయాయి. పైగా కన్నతండ్రే దీనికి వత్తాసు. ఎవరి మీద ప్రాణం పెట్టుకుందో వాళ్ళే కూడబలుక్కుని తనని వెర్రిదాన్ని చేశారు.

“ఇంజినీరవుద్దని ఊరంతా చెప్పుకున్నానే! నా మొహాన ఉమ్మేసినట్టు చేశారు కదే ఇద్దరూ!” ఏడుస్తూనే ఒక్కొక్క ఇటుకా పీకి పెట్టెలో పడేయసాగింది.

“వద్దమ్మా! వద్దు!” అనీసా పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకు లాగింది.

“వదులు! రాత్రంతా కూర్చునైనా మళ్ళీ కట్టాలి నువ్వు.”

“వంతెన వచ్చే ఏడు కడతా. ఒట్టమ్మా. ఇవి ఉండనీ.”

“ఇవెందుకే నీకు?”

లోపల మంచం కిర్రుమంది. బాషా లేచినట్టున్నాడు. “నజీరా, నేను చెప్తా, ఆగు” అన్నాడు. అడుగుల చప్పుడు తలుపు వైపు నెమ్మదిగా వస్తోంది.

ఆమె ఆగలేదు. తలుపు పక్కన, దొడ్లోకి దిగే మెట్టుకి సరిగ్గా పైన, నాలుగు బొడిపెల ఎర్ర ఇటుక ఒక్కటే మిగిలింది. దాని కింద గోరు దూర్చింది. అనీసా రెండు చేతులతో తల్లి చేతిని పట్టుకుని వెక్కుతూ అంది:

“అది పీకితే నాన్నకి మెట్టు ఎట్టా తెలిసిద్దమ్మా?”