సముద్రానికి ఇంకా ఎంత?

"మళ్లీ తగలడ్డాడు!" డ్రైవరు పళ్లు నూరాడు.

ఉదయం తొమ్మిదింటి రద్దీ. సిటీ బస్సుకి సరిగ్గా ముందు ఓ సైకిలు. దాని మీద ఎర్ర హెల్మెట్టు, వదులు కోటు, ముక్కుకి కట్టిన గుడ్డ, నల్లద్దాలు. లోపలి మొహాన్ని ఇంతవరకూ ఎవరూ చూసిన పాపాన పోలేదు. బస్సు స్టాపులో ఆగగానే సైకిలు దాటిపోతుంది. బస్సు దాన్ని అందుకునేసరికి ఇంకో స్టాపు వచ్చిపడుతుంది. ఏడు స్టాపులూ ఇదే వరస.

సైకిలు సీటు వెనకాల ఓ పలక వేలాడుతుంటుంది. దాని మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు: 'సముద్రానికి ఇంకా 9,500.'

మర్నాడు 9,350. ఆ మర్నాడు 9,200.

"ఏంటి బాబూ ఆ లెక్క?" కండక్టరమ్మ ఓసారి సిగ్నల్ దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.  మర్నాడు అంకె కింద జవాబుగా చిన్న అక్షరాలు కనిపించాయి: 'సైకిల్ మీద సముద్రం దాకా వెళ్లాలి. అందుకు తక్కువైన డబ్బు. రోజూ ఛార్జీలు మిగిల్చి పోగేస్తున్నా.'

అంతే. బస్సు బస్సంతా సైకిలు పార్టీలో చేరిపోయింది. ఎక్కుతూనే "ఇవాళెంత?" అనడం మొదలెట్టారు. కాలేజీ కుర్రాడై ఉంటాడని నర్సు తేల్చేసింది. కాదు, పెళ్లిచూపులు తప్పించుకోడానికి పారిపోతున్నాడని టైపిస్టు వాదన.

డ్రైవరుకి మాత్రం ఒళ్లు మండిపోయేది. ఆలస్యాలకి డిపోలో అప్పటికే రెండు మెమోలిచ్చారు. ఓ రోజు కసితీరా హారన్ మోగించాడు. మర్నాడు పలక మీద కొత్త వాక్యం: 'హారన్ అరిగిపోతుంది. దాచుకోండి.'

బస్సు ఘొల్లుమంది. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి.

"చూశావా అమ్మా వాడి పొగరు!" సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుకున్నాడు.

మోకాళ్లకి కాపడం పెట్టుకుంటున్న తల్లి నిట్టూర్చింది. "పోనీలేరా. ఎవరు కన్న బిడ్డో ఏమో."

"ముందు ఆ కన్నవాళ్లననాలి! అదే మనింట్లో మనిషైతేనా, ఆ సైకిల్ని తుక్కు కింద అమ్మిపారేద్దును."

"అమ్మేద్దువులే. నీ సంగతి నాకు తెలీదూ?" అంది తల్లి.

కాఫీ తాగుతున్న భార్యకి పొలమారింది.

తల్లంటే డ్రైవరుకి ప్రాణం. నాన్న పోయాక ఒంటిచేత్తో పెంచింది. ఇప్పుడు ఆవిడ చెంబు ఎత్తినా ఊరుకోడు, మెట్టు దిగినా ఊరుకోడు. మోకాళ్లకి వ్యాయామం చేయించే క్లినిక్‌కి రోజూ ఆటోలో పంపిస్తాడు. ఆ నెల రెండో విడత చికిత్స కూడా మొదలవడంతో జేబు ఖాళీ అయింది. ఆ చిరాకంతా సైకిలు మీదికి మళ్లింది.

ఆ వారంలోనే పలక మీది అంకె ఒక్కసారిగా మూడు వేలు తగ్గింది.

"లాటరీ తగిలినట్టుంది!" కండక్టరమ్మ చప్పట్లు కొట్టింది.

"ఎవడి జేబు కొట్టాడో," అన్నాడు డ్రైవరు.

తరవాత వాన రోజులొచ్చాయి. ఓ పొద్దున ఎక్కడినించో ఓ కారు దూసుకొచ్చి సైకిల్ని రాసుకుంటూ పోయింది. సైకిలు తూలింది. కాలు నేలకాన్చి ఎలాగో నిలబడింది. డ్రైవరు ఏం ఆలోచించాడో అతనికే తెలీదు. బస్సుని రోడ్డుకి అడ్డంగా తిప్పేసి, వెనకున్న బళ్లన్నిట్నీ ఆపేశాడు. ఎర్ర హెల్మెట్టు వెనక్కి తిరక్కుండా ఓ చెయ్యి పైకెత్తి, మెల్లగా కదిలిపోయింది. 

సాయంత్రం ఆ మాట తల్లికి చెప్పాడు. దగ్గరుండి వడ్డించి, అతను తింటున్నంతసేపూ తల నిమురుతూ కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి బస్సు సైకిలుకి కాపలా కాసింది. వెనకనుంచి ఎవణ్ణీ దగ్గరికి రానివ్వలేదు. మూడో మెమో వస్తే డ్రైవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చివరికి ఓ రోజు పలక మీద 'ఇంకా 500' అని కనపడింది.

సిగ్నల్ పడింది. బస్సుని సైకిలు పక్కకి తెచ్చి, జేబులోంచి ఐదొందల నోటు తీసి కిటికీలోంచి చాపాడు డ్రైవరు. "ఇదిగో, పట్టు! సముద్రానికే పోతావో ఇంకెక్కడికి పోతావో, నా రోడ్డు మాత్రం ఖాళీ చెయ్యి నాయనా!"

గ్లవుజు తొడిగిన చెయ్యి నోటందుకుంది. ఎర్ర హెల్మెట్టు వంగి దండం పెట్టింది. భుజాలు అదురుతున్నాయి.

"పాపం, ఏడుస్తున్నాడు," అంది నర్సు కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు రోడ్డు ఖాళీ. ఏడు స్టాపులూ అందరూ కిటికీల్లోంచి తొంగిచూస్తూనే ఉన్నారు. ఇన్నాళ్లలో మొదటిసారి బస్సు వేళకి చేరింది. డిపోలో శభాష్ అన్నారు. డ్రైవరుకి అదేం రుచించలేదు. ఎవరో దగ్గరివాళ్లు ఊరెళ్లిపోయినట్టు ఈసురోమంటూ ఇల్లు చేరాడు.

ఇల్లు కూడా బోసిగా ఉంది. "అమ్మేదీ?" అన్నాడు చెప్పులు విడుస్తూ.

భార్య తాపీగా కాఫీ గ్లాసు చేతికిచ్చింది.

"మీరు డ్యూటీకెళ్లగానే అత్తయ్య బయల్దేరారండీ, నిన్న బస్సు కిటికీలోంచి మీరిచ్చిన ఐదొందలకి మరీ మరీ థాంక్స్ చెప్పమన్నారు."