ఎనిమిదో చుక్క

కిటికీకి కట్టిన వెదురు తెర తాడు తెగింది. మధ్యాహ్నపు ఎండ భళ్లున బల్లమీద పడింది.

ఎండు మొక్కలు దాచే ఆ గదికి ఎండంటే పడదు. కబురందుకుని తెరలల్లే అవ్వ వచ్చింది.

వెదుళ్లను జాతులవారీగా వేరుచేసే ఉద్యోగిని అప్పటికే పటం ముందు తల పట్టుకుని కూర్చుంది.

గుట్టలమీద తప్ప పెరగని సన్న వెదురు మైదానంలో ఏడుచోట్ల దొరికింది. పటంలో ఏటి వెంబడి ఏడు ఎర్ర చుక్కలు.

అదేనా? వేరే జాతా? వేరేదైతే పేరు పెట్టేది తనే. ఇరవై ఏళ్లుగా ఎవరెవరో పెట్టిన పేర్లే చీటీలమీద రాస్తోంది. రేపే పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

“గుట్టమీది వెదురు కిందికెలా వస్తుంది? నడిచొచ్చిందా ఏమిటి!” అని తనలో తనే విసుక్కుంది.

“నడిచే వచ్చిందిలే అమ్మా,” అంది అవ్వ, తాడు ముడివేస్తూ.

ఉద్యోగిని నవ్వేసింది.

అవ్వ బల్లమీది ఎండు గణుపు తీసి వాసన చూసింది. కళ్లు మూసుకుంది. ఎక్కడో ఆకులు గుసగుసలాడుతుంటే వింటున్నట్టు ఆ ముఖం మెత్తబడింది.

“ఇది గుట్టదే తల్లీ. ఇక్కడొకటి మరిచావు.” ఏటి వంపు దగ్గర ఖాళీచోట వేలు పెట్టింది. “బావి పక్కన చూడు.”

“వేలు తియ్యవ్వా, సిరా ఆరలేదు! చదువుకున్నవాళ్లకే అంతుపట్టక చస్తుంటే, మధ్యలో నీ తీర్పొకటి!”

అవ్వ నొచ్చుకోలేదు. రెండో కిటికీకీ తెర అల్లి పంపుతానని చెప్పి వెళ్లిపోయింది.

గదినిండా నీడ చారలు చారలుగా పరుచుకుంది. ఆ చారల్లోనే కూర్చుని ఉద్యోగిని ‘కొత్త జాతి’ అని రాసి, పేరు పెట్టి పంపింది.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజే ఒక పొట్లం కూడా వచ్చింది. అదే వెదురు. పాడుబడ్డ బావి పక్కన దొరికిందట. ఏటి వంపు దగ్గర, అవ్వ వేలు పెట్టిన చోటే, ఆమె ఎనిమిదో చుక్క పెట్టింది.

అంతలో తెర తెచ్చింది అవ్వ కూతురు.

“అవ్వ రాలేదేం? ఆవిడతో పనుంది.”

“పోయిన నెలే కన్నుమూసిందమ్మా. ఇందులో సగం తనల్లిందే.” కూతురి చూపు పటంమీద ఆగింది. “అరే, ఇవన్నీ మేం బతికిన చోట్లే!”

“మీరా? ఇవి గుట్ట వెదురు దొరికిన చోట్లు కదా!”

“తెరలల్లుకుంటూ ఊరూరా తిరిగాంగా. అమ్మ పుట్టిల్లు గుట్టమీద. అక్కడి వెదురు దుంప గంపలో పెట్టుకుని మోసేది. కాన్పయినచోటల్లా ఒక పిలక నాటేది.”

కూతురు ఒక్కో చుక్కనూ వేలితో తడుముతూ వచ్చి, తడి సిరా దగ్గర ఆగింది.

“ఈ ఏడు చుక్కలూ మా అన్నలవి... ఈ బావి పక్కది నాది.”