పర్సు తియ్యకుండానే

"కార్డు బయటికి తియ్యక్కర్లేదు, పిచ్చి మొహమా. ఇలా పర్సు ఆనిస్తే చాలు," అంటూ మా ఆయన జేబులోంచి తీసిన పర్సును అలాగే బస్సులో టికెట్ డబ్బులు కట్టే మిషనుకు ఆనించాడు. అది కీచుమంది.

వెనక నేను చిల్లర ఏరుకుంటున్నాను.

"కార్డు పారేసుకున్న మహాతల్లికి చిల్లరే గతి!" డ్రైవరుకు వినపడేలా నవ్వాడు.

నా జీతం పడే కార్డు పోయి వారమైంది. నాతోపాటు మంచాల కిందకి దూరి మరీ వెతికాడు. బ్యాంకుకు ఫోన్ చేసి దాన్ని ఆపించేశానన్నాడు. నాకిక కార్డు ఇవ్వడమే దండగ అన్నాడు. ఇకమీదట జీతం ఆయన ఖాతాలోనే వెయ్యమని చెప్పడానికి ఇద్దరం మా ఆఫీసుకు బయల్దేరాం.

సీట్లో కూర్చోగానే నా ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వచ్చింది. నా కార్డుతో ఇప్పుడే బస్సు చార్జీ కట్టారట.

పర్సులో రెండు కార్డులుంటే మిషను తనకు ముందు దొరికిన దాన్నే పట్టుకుంటుంది. ఆ సంగతి ఈ మేధావికి తెలియదు.

"దిగాల్సిన స్టాపైనా గుర్తుందా, అదీ పారేసుకున్నావా?" అన్నాడు.

"గుర్తుందండీ," అన్నాను లేస్తూ. "నాది బ్యాంకు స్టాపు. మీరు కూర్చోండి."