తొంభైనాలుగు సీసా

మళ్ళీ తగ్గింది.

లక్ష్మణసామి హార్లిక్స్ సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. పోయిన ఆదివారం మెడ దాకా ఉన్న పొగాకు ఇప్పుడు భుజం కిందికి దిగింది. మూత మీద అతికించిన కాగితం, దాని మీద '94' అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

అది మామూలు పొగాకు కాదు. పైపులో పీల్చే వర్జీనియా. ఓడలో పనిచేసే బావమరిది గోవిందరాజ్ ఊరికి వచ్చినప్పుడల్లా డబ్బాలు తెస్తాడు. లక్ష్మణసామి వాటిని హార్లిక్స్ సీసాల్లోకి మార్చి, మూత బిగించి, సంవత్సరం రాసి, బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకుంటాడు. కొత్తలో దానిది గడ్డి వాసన. నాలుగేళ్ళు ఊరితే ఎండుద్రాక్ష. తొమ్మిదేళ్ళ సరుకైతే ముదురు ఎరుపుకి తిరిగి, మూత తీయగానే ఎక్కడో తాటిబెల్లం కాస్తున్నట్టు ఘుమఘుమలాడుతుంది.

ఆదివారానికి ఒక్క పైపు. డాక్టరూ, భార్య వెంకటమ్మాళూ కలిసి ఇచ్చిన అనుమతి అంతే. అందుకే దాన్ని పూజలా చేస్తాడు. పొగాకుని వేళ్ళ మధ్య నలుపుతాడు. అడుగున వదులుగా, పైన కాస్త గట్టిగా కూరుతాడు. మెల్లగా, ఆగి ఆగి, గంటసేపు లాగుతాడు. ఆశపడి గబగబా లాగితే నాలుక కాలుతుందని అందరికీ చెబుతుంటాడు.

తొంభైనాలుగు మాత్రం ఆదివారాలకి కాదు. గోవిందరాజ్ ఓడ ఉద్యోగం వదిలేసి వచ్చే నెల కోవిల్‌పట్టికి వచ్చేస్తున్నాడు. ఆ రోజు ఇద్దరూ కలిసి ఆ మూత తీయాలని ఎప్పటినుంచో ఒప్పందం. ఈ లెక్కన ఆ రోజుకి సీసా మాత్రమే మిగిలేలా ఉంది.

"మల్లా దొంగతనంగా లాగితివా మామా?"

వెనక వెంకటమ్మాళ్. దవడన తాంబూలం ఉండడంతో మాట ముద్దగా వచ్చింది.

"నేను తాకనే లేదు."

"బీరువా సావి నీ మొలతాట్లో ఉండాది. రెండో సావి ఎప్పుడో పోయె. ఇంగ ఎవురు తీస్తారు, గాలి వచ్చి తీసెనా?"

"సత్తియంగా చెప్తుండా..."

"సత్తియం సేయొద్దు, ఇరుక్కంగుడి మారియమ్మ ఇంటాది. పెట్టెలంటించేదానికి వచ్చే ఆడోళ్ళ ముందర నాకు మానం పోతాది. నిన్న గూడా సెల్లత్తాయి అడిగె, సీసాలో ఇంగెంత మిగిలుండాది అని."

లక్ష్మణసామి తల దించుకున్నాడు. ఆ వీధి ఆడవాళ్ళంతా మధ్యాహ్నం పూట తన పెరట్లోనే చేరి అగ్గిపెట్టెలు అంటిస్తారు. వాళ్ళ దాకా వెళ్ళిందంటే ఊరంతా వెళ్ళినట్టే.

"మా అన్న వస్తే ఏం జవాబు సెప్తావు? ఆ సావి నాకియ్యి, నేను బద్రంగా పెడతా. నువ్వు తొంభైయెనిమిదే లాగు. తొంభైనాలుగు ఇంగా తీపెక్కాల."

"అది నీకెట్ల తెలుసు?"

"దినామూ నువ్వు సెప్పేది నా సెవిలో పడేది లేదా? లేకుంటే నాకెందుకు ఆ పొగ నాత్తం."

చెయ్యి మొలతాడు దాకా వెళ్ళింది. ఆగింది. మేడ మీద అద్దెకున్న తంగరాజ్ గుర్తొచ్చాడు. ఆ తంగరాజ్ పనిచేసేది స్టీలు బీరువాలు తయారుచేసే చోట. పైగా బీడీలు తాగుతాడు.

లక్ష్మణసామి విరుదునగరు మిరపకాయల మండిలో గుమాస్తా. సోమవారం అన్నం క్యారియరులో తొంభైనాలుగు పొగాకుని మండికి చేరవేసి తన బల్ల సొరుగులో దాచాడు. సాయంత్రం అదే క్యారియరులో ఇంటికి వచ్చింది మిరపపొడి, మండిలోకెల్లా ఘాటైన రకం. ఖాళీ సీసాలోకి తొంభైయెనిమిది పొగాకు వంపి, పొడి కలిపి, మళ్ళీ భుజం దాకా నింపాడు. కొత్త సరుకుకి రంగు చాలదు. ఆ లోటు మిరపపొడి తీర్చేసింది. అచ్చం తొమ్మిదేళ్ళు ఊరినట్టే ఉంది.

దొంగ ఎవరైనా సరే, మొదటి దమ్ముకే దొరికిపోతాడు.

మంగళవారం మండిలో పని ఎక్కువుందని, రావడానికి పొద్దుపోతుందని ఇంట్లో చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేశాడు. సాత్తూరు దాటినప్పటినుంచి, తంగరాజ్ మెట్ల మీద పడి దగ్గుతున్నట్టు ఊహించుకుని ఒక్కడే నవ్వుకున్నాడు.

తంగరాజ్ మెట్ల మీదే ఉన్నాడు. బీడీ కాలుస్తూ, ఈల వేస్తూ.

"ఏం అణ్ణాచ్చి, ఈ మద్దేన్నం పూటే వస్తిరి?"

"ఒంట్లో బాగాలేదు. నీకు గొంతు ఎట్లుండాది?"

"గొంతుకేం, గంటమాదిరి ఉండాది." తంగరాజ్ ఒక పొగ వదిలాడు. "మీ పెరట్లోనే ఈ పొద్దు సత్తమే లేదు. దినామూ ఆడోళ్ళ నవ్వులకి నాకు నిద్దర పట్టదు."

వీడు కాదు.

లక్ష్మణసామి లోపలికి వెళ్ళి, మొలతాట్లో తాళంచెవితో బీరువా తెరిచాడు. వేసిన తాళం వేసినట్టే ఉంది. సీసాలో మాత్రం పొగాకు వేలెడు తగ్గింది. ఇల్లంతా వెతికినా పొగ వాసన లేదు. ఎక్కడా దగ్గు లేదు. వెంకటమ్మాళ్ అన్నదే నిజమేమో, తెలియకుండా తనే లాగేస్తున్నాడేమో అని ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వచ్చింది.

అప్పుడు వినబడింది. పెరటివైపు నుంచి. మాటా కాదు, నవ్వూ కాదు.

"ఉస్స్... ఉస్స్..."

చప్పుడు కాకుండా పెరటి తలుపు తోశాడు.

అంటించాల్సిన అగ్గిపెట్టెలన్నీ పక్కన పడేసి, సెల్లత్తాయి మొదలు నలుగురు ఆడవాళ్ళు నాలుకలు బయటపెట్టి మజ్జిగ కుండ చుట్టూ విసురుకుంటూ కూర్చున్నారు, వాళ్ళ నడుమ నములుతున్న పొగాకు తాంబూలం ఉమ్మేసి నోరు పుక్కిలిస్తున్న వెంకటమ్మాళ్ ఆకువక్కల తిత్తి తాడుకి, ఎప్పుడో పోయిన ఆ రెండో తాళంచెవి వేలాడుతోంది.