సగం కాఫీ

"ఏమండీ, ఆ గ్లాసు ముట్టుకోకండి."

అలవాటు కొద్దీ సగం తాగి, గది బయట పెట్టి గడియ వేసుకున్నది నేనే. విహారయాత్ర నుంచి వైరస్ మోసుకొచ్చానని పొద్దున పరీక్షలో తేలింది. ఆయనకేమో క్యాన్సర్ మందులతో ఒంట్లో శక్తే లేదు.

తలుపవతల చెప్పుల చప్పుడు ఆగింది.

"నలభై ఏళ్లుగా నీ ఎంగిలి కాఫీయేగా. ఇప్పుడు చేదెక్కిందా?"

"మీరు తట్టుకోలేరని డాక్టరు చెప్పాడు కదా."

"ఎలాగూ పోయేవాణ్ణే. తాగి పోతాను."

గడియ మీద చెయ్యి వేశాను. తీస్తే నా దగ్గు ఆయన మొహం మీదే.

"పోయేది మీరు. నా ఎంగిలి వల్లే పోయారని తలుచుకుంటూ మిగిలేది నేను."

చెప్పులు వంటగది వైపు కదిలాయి. తర్వాత వంటగదిలో కాఫీ పారబోసిన చప్పుడు, కుళాయి చప్పుడు.

"సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఎన్ని రోజులన్నాడు?"

"ఐదు."

"ఐదేగా. ఉంటాలే."