తలకిందుల బందు

"డోరు పై బందు తలకిందులు బిగిస్తాండావు పెద్దాయనా. కండ్లు కనపడవా?" అంది కృపారాణి.

పెద్దాయన తల ఎత్తలేదు. స్పానరు ఇంకో చుట్టు తిప్పాడు.

కృపారాణికి అప్పటికే ఒళ్లు మండిపోతోంది.

ఆ పాత జీపు లేవి అనే ఆమె నాయన వదిలిపోయిన ఆస్తి. పొద్దున అందులో ఊరి పిల్లలు ఎమ్మిగనూరు బడికి పోతారు. వాళ్లను దింపి వచ్చి, రెండు డోర్లూ తీసి పక్కన పెట్టి, జీపు నిండా ఉల్లిమూటలు కుక్కి మండీకి పోవాలి. సాయంత్రం మళ్లీ డోర్లు తగిలించి పిల్లల్ని తేవాలి. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీపు మీదే.

డోరు తీయడం ఆమెకు చిటికెలో పని. డోరును జీపుకు పట్టి ఉంచే మడతబందుల పిన్నులు రెండూ పైకి చూస్తుంటాయి. డోరును రెండు చేతులా పట్టి పైకెత్తితే ఊడి వచ్చేస్తుంది. పిన్నుల మీద బిగించే నట్లు రోజూ ఎవరు విప్పుతారని లేవి ఏనాడో పారేశాడు. ఆ చుట్టుపక్కల ఉల్లి తోలే జీపులన్నీ అంతే.

ఇప్పుడా బందులు అరిగిపోయి డోర్లు వేలాడుతున్నాయి. కొత్తవి తెచ్చి, మెకానిక్కు షెడ్డు వీరభద్రను మనిషిని పంపమంటే, ఈ ముసలాయన దిగాడు.

పొద్దున వచ్చినవాడు ఒక్క ఎడమ డోరు దగ్గరే మధ్యాహ్నం చేశాడు. మూటలు ఎండలో మగ్గిపోతున్నాయి. పైగా డోరు పక్కన ఏ బిడ్డ కూర్చుంటుందని అడిగాడు. తన కూతురు మహిమ అని చెప్తే, బడికి సెలవని ఇంట్లోనే ఉన్న ఆ పిల్లను సీట్లో కూర్చోబెట్టి, భుజం ఎంత ఎత్తు వస్తుందో జానతో కొలిచాడు. కృపారాణి పిల్లను కసిరి లోపలికి పంపేసింది.

తీరా చూస్తే, కింది పిన్ను పైకి, పై పిన్ను కిందికి చూస్తోంది; డోరు ఎటు ఎత్తినా ఒకటి పట్టేస్తుంది.

"ఇట్ల బిగిస్తే డోరు ఎట్ల ఊడొస్తాది?"

"ఊడి రాదమ్మా."

"రాకపోతే మూటలు యాడ ఎక్కించేది? నీ నెత్తినా?"

"ఎనకనుంచి ఎక్కించుకో తల్లీ. నాలుగు మూటలు తక్కువ పడతాయి, అంతే."

అంతే అట. నాలుగు మూటలంటే ఆయనకు నాలుగు ఉల్లిగడ్డల లెక్క.

కుళాయి దగ్గర బిందె పెట్టిన పక్కింటి రమణి నవ్వింది. "మంచి పనోణ్ణే పంపినాడు వీరభద్ర. చెప్పులు గూడా తలకిందులే తొడుక్కుంటాడేమో చూడు."

కృపారాణికి నవ్వు రాలేదు.

"అసలు నీకు పనొచ్చా?"

ఆయన మొదటిసారి తల ఎత్తి ఆమెను చూశాడు.

"ఈ ఒక్క పనే వస్తాదమ్మా."

రెండో డోరు వైపు అడుగు వేయబోతే ఆమె అడ్డం నిలబడింది. చేసిన పాడు చాలు, ఇంక బయలుదేరమంది.

ఎండన పడి వచ్చిన మనిషని కృపారాణి తల్లి జీవమ్మ సంగటి ముద్ద పళ్లెంలో పెట్టి తెచ్చింది. పని చెడగొట్టినోళ్లకు కూడు పెట్టే ఇల్లు కాదిది అని కృపారాణి తల్లిని లోపలికి పంపింది. ఆ మాట ఆయనకు వినబడేటట్టే అంది.

ఆయన తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. కూలి అడగలేదు. మిగిలిన బందుల జతను సీటు మీద పెట్టాడు.

"ఆ పక్కకు గూడా ఇట్లనే బిగించుకో తల్లీ," అని, మంత్రాలయం నుంచి వచ్చే బస్సు కోసం రోడ్డెక్కాడు.

కృపారాణి వీరభద్రకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. రేపు పని తెలిసిన మనిషిని పంపి ఆ బందు తిప్పించమంది.

మరునాడు పొద్దున బడికి పోతుంటే, నీళ్లు లేని వంక దాటే చోట ముందు చక్రం గుంతలో పడింది.

జీపు ఎగిరిపడింది. ముందు సీట్లో ఉన్న ముగ్గురు పిల్లలూ ఒకరి మీద ఒకరు ఎడమకు జారారు. అందరి బరువూ మహిమ మీద, మహిమ వీపు డోరు మీద.

ఆ డోరు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

కృపారాణి పక్కనున్న కుడి డోరు మాత్రం పిన్నుల మీంచి లేచి, ఎగిరి వంకలో రాళ్ల మీద పడింది.

ఆమె దిగి ఆ డోరును చూసింది. కూతుర్ని చూసింది.

పిల్లల్ని బడిలో దింపి నేరుగా షెడ్డుకు పోయింది. మిగిలిన బందుల జతను వీరభద్ర ముందు పెట్టింది.

"ఇవి ఆయనే బిగించాల. యాడుండాడు?"

తెల్లవారి మొదటి బస్సుకే పోయాడన్నాడు వీరభద్ర. కడప పక్క మనిషట. ఊరు చెప్పడు, ఫోన్ లేదు. ఎప్పుడో ఒకసారి వస్తాడు, బడిపిల్లల్ని తోలే పాత జీపు ఏదైనా ఉందా అని అడుగుతాడు, కూలి మాత్రం పుచ్చుకోడు.

"ఏం మెకానిక్కప్పా ఆయన?"

"యాడి మెకానిక్కు, చీనీతోట రైతు. ఈ ఒక్క పని కోసమే నా దగ్గర నెల దినాలు కూచోని నేర్చుకున్నాడు."

కృపారాణికి తల్లి చేతిలోని సంగటి పళ్లెం గుర్తొచ్చింది. ఆ మనిషికి ఇదేం పట్టుదలని అడిగింది.

వీరభద్ర ఆ బందుల జతను చేతిలోకి తీసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"చీనీకాయలు ఎత్తేదానికి ఆయన గూడా మీ మాదిరే డోర్లు తీసిపెట్టేటోడు, ఒక పొద్దున బిరబిరా తగిలించి కూతుర్ని బడికి ఎక్కించుకోని పోయినాడు, వంక దాటినాక పక్కకు చూస్తే డోరూ లేదు, బిడ్డా లేదు."