వచ్చినవి, అయినవి

“ఏదైనా రాసి ఇందులో పడేయండి సార్, తమాషా చూద్దురుగాని,” అన్నాడు మేనేజరు, తనిఖీకి వచ్చిన పెద్దాఫీసు వాళ్లతో. వాళ్లు పెన్నుకోసం జేబులు తడుముకునేలోపే తానే ఒక కాగితం నిండా గీకేశాడు. ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది.

కాగితాన్ని స్కాన్ చేసి, ఫైలును ‘వచ్చినవి’ అనే ఫోల్డరులో వేశాడు. అందరి కళ్లూ తెరమీదే. ప్రోగ్రామరు మాత్రం నేలచూపులు చూస్తున్నాడు.

ఆ ఫోల్డరు సంగతి ఆఫీసంతటికీ తెలుసు. కొత్త ఫైలు పడడమే తరువాయి. ఎవరూ చెప్పక్కర్లేదు, మీట నొక్కక్కర్లేదు. కాసేపటికల్లా ముత్యాల్లా టైపై ‘అయినవి’ ఫోల్డరులో ప్రత్యక్షం. ప్రోగ్రామరు చేసిన ఈ ఏర్పాటు వచ్చాకే, మూడు నెలల కిందట, పెద్ద టైపిస్టుకి ఒక పూలగుత్తీ, ఒక గోడగడియారమూ చేతిలో పెట్టి సాగనంపారు. ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. ఆనాటినుంచి ప్రోగ్రామరు ఆ ఖాళీ కుర్చీ ముందునుంచి నడవడు. చుట్టూ తిరిగి తన సీటుకి చేరతాడు.

ఇక మిగిలిన టైపిస్టు చిన్నక్క ఒక్కతే. ఇవాళ పెద్దాఫీసు వాళ్లు భేష్ అన్నారా, ఆమె కుర్చీ కూడా ఖాళీ.

ఆరు నిమిషాలు. ఏడు. ప్రోగ్రామరుకి రాకపోతే బాగుండునని ఒక పక్క, రాకపోతే తన ఉద్యోగం ఏంకానని ఒక పక్క.

ఎనిమిదో నిమిషంలో వచ్చింది.

మేనేజరు పొంగిపోయాడు. “నేను రాసింది నేనే చదవలేను సార్. పెద్దక్క ఒక్కతే చదివేది. ఇప్పుడు చూడండి, ఒక్క అక్షరం పొల్లుపోలేదు. పైగా నేను తేదీ తప్పు వేస్తే దిద్దింది కూడానూ.”

“మధ్యాహ్నం పూట నెమ్మదిస్తుందని విన్నామే?” అన్నాడు వాళ్లలో ఒకాయన.

“కాస్త... విరామం ఇవ్వాలండి,” అన్నాడు ప్రోగ్రామరు, మెడ తుడుచుకుంటూ.

“భోంచేశాక మనకే కునుకొస్తుంది, దానికి రాదా పాపం,” అన్నారెవరో. అందరూ నవ్వారు. చిన్నక్క కూడా నవ్వింది. ఆ నవ్వే ప్రోగ్రామరుకి ముల్లులా దిగింది.

సాయంత్రం ఆమెకి కవరు ఇచ్చారు. ఒకటో తారీకునుంచి రానక్కర్లేదు. సొరుగులోంచి చేతిరుమాలు, పాత కళ్లజోడు తీసి సంచీలో వేసుకుని, అతని బల్ల దగ్గర ఆగింది.

“నీమీద నాకేం కోపం లేదు తమ్ముడూ. తెలివైనవాడివి, చేశావు. నాలుగు నెలలు కష్టపడి నేర్చుకుంటే, ఆ మిషను పక్కన నాకేదైనా పని దొరుకుతుందంటావా?”



అతనికి ఇంటికి పోబుద్ధి కాలేదు. కాళ్లు వాటంతటవే పెద్దక్క ఇంటికి లాక్కెళ్లాయి. ఆమే తలుపు తీసింది. వేళ్లకి నొప్పుల మందు రాసి గుడ్డ చుట్టుకుంది. గోడమీద ఆ గడియారమే తిరుగుతోంది.

జరిగిందంతా తల దించుకునే చెప్పాడు. “తలెత్తుకోలేకపోతున్నా అక్కా. నావల్ల నీ కుర్చీ పోయింది. ఇప్పుడు చిన్నక్కదీ పోయింది.”

“ఆ మొహమేంట్రా, రేపే దాన్ని ఇక్కడికి రమ్మను,” అంది పెద్దక్క, తన కంప్యూటరు పక్కకి ఇంకో కుర్చీ లాగుతూ, “ఆ ‘వచ్చినవి’లో పడేవన్నీ నేనొక్కదాన్నే కూర్చుని టైపు చెయ్యలేక చస్తున్నాను.”